చీకటిగదిలో నీలి మెరుపు

మొన్న శ్రావణమాసంలో ఒక రాత్రి గాలివానకు మా ధవళేశ్వరంలో కరెంటు పోయింది. మా అమ్మాయి హైదరాబాదులో ఉన్న తమ్ముడికి పంపడానికి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒకటి పార్సెలు కడుతోంది. అట్టపెట్టె పట్టుకోవడం ఆమె వంతు, టేపు లాగడం మనవడి వంతు. దీపం వెలిగించే లోపలే వాడు చీకట్లో టేపు చుట్టను బర్రున లాగి కేక పెట్టాడు.

"తాతయ్యా! టేపులోంచి నీలంగా మెరుపు వచ్చింది!"

"ఫోను వెలుతురై ఉంటుంది. కబుర్లు చెప్పకు" అని మా అమ్మాయి కసిరింది.

"లేదమ్మా, వాడు నిజమే చెబుతున్నాడు. నేను కూడా చూశాను" అన్నాను.

చాలా చిన్న మాట. అయితే పాఠక మిత్రులారా, ఆ మాట అనడానికి నాకు నలభై అయిదేళ్ళు దాటింది. అది ఎప్పుడు అనవలసిన మాటో, ఎందుకు అనలేకపోయానో చెప్పుకోవడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అది 1979వ సంవత్సరం. నేను కొవ్వూరులో భాషాప్రవీణ చదువుకుంటూ, సెలవులకు ధవళేశ్వరం వచ్చినప్పుడు మా మేనమామగారి ఫొటో స్టూడియోలో కాలక్షేపం చేసేవాణ్ణి. ముందు గదిలో నీలిరంగు తెర, దాని మీద చిత్రించిన కొండలు, కొలను, హంసలు. తెర ముందు ఒక కుర్చీ. వెనుక భాగంలో ఒకప్పుడు వంటపాత్రలు పెట్టుకున్న కొట్టుగది చీకటిగదిగా మారింది. తలుపు అంచులకు నల్లగుడ్డ కొట్టి, గోడల నెర్రెలకు చింతపిక్కల జిగురుతో నల్లకాగితం అంటించారు. లోపల బల్ల మీద వరుసగా మూడు పళ్ళేలు. మొదటిది డెవలపరు, నడిమిది మంచినీరు, చివరిది హైపో. ఆషాఢంలో గోదావరికి ఎర్రనీరు దిగిందంటే ఫిల్ము కడగడానికి నీళ్ళకు కరువే. కుండలో నీళ్ళు పోసి, లోపలి వైపు ఇండుపగింజ అరగదీసి, మర్నాటికి తేరిన నీళ్ళను రెండు పొరల గుడ్డలో వడగట్టి వాడేవాళ్ళం. ఒక్క ఇసుకరేణువు అంటుకున్నా పెళ్ళికూతురి బుగ్గమీద పుట్టుమచ్చ మొలుస్తుంది!

ఈనాటి పిల్లలకు ఫిల్ము అంటే తెలియకపోవచ్చు గనుక కొంచెం వివరిస్తాను. ఆ రోజుల్లో స్టూడియోలలో ఎక్కువగా వాడినది 120 అనే కొలత రీలు. 1901లో కొడాక్ కంపెనీ తెచ్చిన ఆ కొలత నేటికీ బతికే ఉంది. దానిమీద ఆరు సెంటీమీటర్ల చదరపు బొమ్మలు పన్నెండు పడతాయి. తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో రీళ్ళు, మన ఊటీలోని హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు రీళ్ళు మా బీరువాలో ఉండేవి. ఈ రీలులో ఫిల్ము ఒంటరిగా ఉండదు. దాని వెనుక పొడుగునా నల్లని కాగితం ఉంటుంది. ఆ కాగితానికి ఫిల్ము ఒక్క కొసనే, మొదటి బొమ్మకు ముందున్న కొసనే, చిన్న టేపుముక్కతో అంటి ఉంటుంది. బొమ్మలన్నీ తీయడం పూర్తయ్యాక రీలు తిరగబడి చుట్టుకుంటుంది గనుక, విప్పేటప్పుడు వదులుగా ఉన్న కొస ముందు వస్తుంది, టేపు అంటిన కొస అన్నిటికంటె చివర వస్తుంది. అక్కడ టేపును ఊడబెరికి, కాగితం అవతల పారేసి, ఫిల్ము రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకొని, ఉయ్యాల ఊపినట్టు డెవలపరులో పైకీ కిందికీ ఆడించాలి.

ఇదంతా కటిక చీకట్లో జరగాలి. కాగితం మీద బొమ్మ అచ్చువేసేటప్పుడు ఎర్రదీపం పెట్టుకోవచ్చు. ఫిల్ముకు ఆ వెసులుబాటు లేదు. అన్ని రంగుల వెలుతురునూ గ్రహించే ఫిల్ముకు ఎరుపు కూడా పగటి ఎండ లాంటిదే. గడియారం కనబడదు. అందుకని నేను అమరకోశం శ్లోకాలు వల్లిస్తూ కాలం లెక్కపెట్టేవాణ్ణి. ఇన్ని శ్లోకాలకు డెవలపరు, ఇన్నిటికి హైపో అని మామయ్య, నేను కలిసి గడియారం ముందు పెట్టుకొని ఒకనాడు లెక్క కట్టుకున్నాం. ఫిల్ము ఆడించే పని మాత్రం నాది కాదు, స్టూడియోలో పనిచేసే కుర్రవాడిది.

అతడు నాకంటె రెండు మూడేళ్ళు చిన్న. తండ్రి నావ మీద పని. నీళ్ళు మోయడానికి వచ్చి, చూసి చూసి పని నేర్చుకున్నాడు. చీకట్లో అతడి చేతులకు కళ్ళుండేవి. గీత పడకుండా, మడత పడకుండా రీలు విప్పడంలో మామయ్య కూడా అతడికి సాటి కాదు. నేను పండితుణ్ణి కాబోతున్నానని అప్పటికే నన్ను "పంతులుగారండి" అని పిలిచేవాడు. ఆ పిలుపులో సగం గౌరవం, సగం పరిహాసం.

ఇక మా తాతగారి సంగతి. మా నాన్నగారి తండ్రి ధవళేశ్వరం లాకుల దగ్గర లస్కరుగా ఉద్యోగం చేశారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట ఆయనకు దేవాలయంతో సమానం. పడవ వస్తే తలుపులు తెరవడం, నీరు సమం కాగానే అవతలికి వదలడం, ఇదే జీవితమంతా చేసిన పని. పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ నిర్మాణం అప్పుడు సాగుతోంది. 1982లో గాని అది పూర్తి కాలేదు. "పాతది కనబడుతూ ఉండగానే దాని పక్కన నన్నొక బొమ్మ తియ్యరా" అని ఆ వైశాఖమాసంలో తాతగారు నన్ను అడిగారు. అంతకు ముందు ఆయనకు ఫొటో అన్నది లేదు. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందన్న భయం కాదు, డబ్బు దండుగ అన్న పట్టుదల.

మామయ్య తన పెద్ద కెమెరా నాకు ఇవ్వలేదు గాని, పెట్టె కెమెరా ఒకటి ఇచ్చారు. అందులో అప్పటికే ఆరు బొమ్మలు పూర్తయిన రీలు ఉంది. ఉదయం తొమ్మిది గంటల వేళ, ఎండ నా వీపున పడుతూ ఉండగా, గోదావరి వెనుక కనిపించేటట్టు తాతగారిని గట్టు మీద నిలబెట్టాను. ఆయన కర్రమీద చెయ్యి ఆనించి, ఉత్తరీయం సవరించుకొని నిలబడ్డారు. ముఖాన్ని సరిగ్గా నడుమ పెట్టి నొక్కాను. నాకు తెలిసిన ఫొటో విద్య అంతే. ఏడో బొమ్మ. ఆ తరువాత కెమెరా పక్కనున్న పిట్టగోడ మీద పెట్టి, తాతగారి పక్కన కూర్చున్నాను. ఆయన వరదల కథలు మొదలుపెట్టారు. గంటసేపు విన్నాను.

ఫిల్ము ఖరీదైన వస్తువు. పన్నెండు బొమ్మలూ పూర్తి కాకుండా రీలు కడగడం అనేది ఆనాడు లేదు. మిగిలిన అయిదు బొమ్మలు పూర్తయ్యేసరికి ఆషాఢం వచ్చింది. ఆ ఆషాఢంలోనే, మూడు రోజుల జ్వరంతో, తాతగారు వెళ్ళిపోయారు.

పెద్దకార్యం నాటికి పటం కట్టించాలని నాన్నగారి కోరిక. కెమెరాలో తాతగారు ఉన్నారన్న ధైర్యం ఇంట్లో అందరికీ ఉంది. మామయ్య ఆ సాయంత్రం ఫొటో కాగితం కొనడానికి రాజమండ్రి వెళుతూ, "నేను వచ్చేసరికి రీలు కడిగి ఉంచండి" అని మా ఇద్దరికీ అప్పగించారు.

తలుపు మూశాం. నల్లగుడ్డ దించాం. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా మాట్లాడకుండా నిలబడ్డాం. కుర్రవాడు రీలు విప్పసాగాడు. కాగితం గలగల వినిపిస్తోంది. చివరికి వచ్చాడు. టేపు ఊడబెరికాడు.

అప్పుడు కనిపించింది. అతడి వేళ్ళ నడుమ, టేపు కాగితాన్ని విడిచే గీత పొడుగునా, సన్నని నీలి వెలుగు. మిణుగురు రంగు కాదు, నిప్పురవ్వ రంగు కాదు. ఉతికిన పంచెకు పెట్టే నీలిమందులాంటి నీలం. రెప్పపాటు మాత్రం. నా నోటివెంట అప్రయత్నంగా "ఆఁ" అని వచ్చింది. అతడు ఏమీ అనలేదు. ఫిల్మును డెవలపరులోకి దించాడు. నేను శ్లోకాలు మొదలుపెట్టాను. నా గొంతు వణికింది.

మామయ్య వచ్చేసరికి రీలు హైపోలోంచి బయటికి వచ్చింది. తడి ఫిల్మును బల్బుకు ఎదురుగా పట్టుకొని చూశారు. నెగటివులో నలుపు అంటే వెలుగు, తెలుపు అంటే నీడ. ఏడో బొమ్మలో తాతగారి ముఖం ఉండవలసిన చోట దట్టమైన నల్లని మచ్చ ఉంది. అక్కడ బొమ్మను వెలుతురు తినేసింది.

"గదిలో వెలుతురు ఎవరు పెట్టారు?" అన్నారు మామయ్య. ఆ కంఠం నేను అంతకు ముందు వినలేదు.

కుర్రవాడు దాచలేదు. "వెలుతురు పెట్టలేదండి. టేపు పీకుతుంటే నీలంగా మెరిసిందండి" అన్నాడు.

"టేపు మెరవడమేమిటిరా? బీడీకి అగ్గిపుల్ల గీసి, నాకు కథలు చెబుతావా?"

"ఆయ్, లేదండి. ఒట్టండి. పంతులుగారు కూడా ఉన్నారండి."

మామయ్య నావైపు తిరిగారు. "ఏరా, నువ్వు చూశావా?"

తర్కశాస్త్రం చదువుకుంటున్న రోజులవి. అన్నంభట్టు తర్కసంగ్రహం మాకు పాఠం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు. కంటితో చూసినదానిని మించిన సాక్ష్యం లేదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అయినా ఆ క్షణంలో నా బుద్ధి వేరే దారిలో నడిచింది. టేపు వెలగదు గదా, వెలిగిందంటే నన్ను కూడా పిచ్చివాడి కింద జమకడతారు. లేదా గదిలో ఇద్దరం ఉన్నాం గనుక ఇద్దరం కలిసి ఏదో చేశామంటారు. తాతగారి ఏకైక చిత్రం పాడు చేసినవాడినన్న పేరు నాకు వస్తుంది.

"నేనేమీ చూడలేదు మామయ్యా" అన్నాను.

కుర్రవాడు నన్ను ఒక్కసారి చూశాడు. ఏమీ మాట్లాడలేదు. మామయ్య చెయ్యి చేసుకున్నారు. మరునాడు అతడు పనిలోకి రాలేదు. ఆ తరువాత ఎన్నడూ రాలేదు.

పెద్దకార్యానికి పటం లేకుండానే పోయింది. మామయ్య ఆ బొమ్మను ఒక్క కాగితం మీద అచ్చు వేశారు. ఛాతీ ఉంది, ఉత్తరీయం ఉంది, కర్రమీద ఆనించిన చెయ్యి ఉంది, వెనుక గోదావరి ఉంది. ముఖం స్థానంలో తెల్లని గుండ్రని వెలుగు. గోడకు తగిలించడానికి పనికిరాదన్నారు నాన్నగారు. నాయనమ్మ మాత్రం దాన్ని తీసుకొని, "చెయ్యి ఆయనదే" అని తన పెట్టెలో దాచుకుంది.

తరువాత నేను ఉపాధ్యాయుణ్ణి అయ్యాను. అనేక ఊళ్ళు తిరిగాను. ఆ నీలి మెరుపు నా భ్రమేనని నన్ను నేను నమ్మించుకున్నాను. తాడును చూసి పాము అనుకోవడం వేదాంతంలో పాత ఉదాహరణ. నేను చేసినది దానికి తలకిందు. పామును చూసి, తాడనుకొని, ఇంటికి వచ్చి పడుకున్నాను.

2008 అక్టోబరులో దినపత్రికలో ఒక వార్త చదివాను. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కమారా, ఎస్కొబార్, హర్డ్, పుటర్‌మన్ అనే నలుగురు, గాలి తీసేసిన పాత్రలో మామూలు స్కాచ్ టేపును యంత్రంతో లాగుతూ ఉంటే, అందులోంచి వెలుగు మాత్రమే కాదు, ఎక్స్-కిరణాలు కూడా వెలువడ్డాయట! ఆ కిరణాలతో ఒక వేలి ఎముకను ఫొటో తీశారట కూడాను. ఆ పరిశోధన నేచర్ పత్రికలో వచ్చింది. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ మళ్ళీ అదే వార్త చదివాను. ఆ తరువాత దొరికినంత మేరకు పుస్తకాలు వెదికి చదివాను. తెలుసుకున్నది క్లుప్తంగా చెబుతాను.

ఇది కొత్త వింత కాదు. చక్కెరగడ్డను చీకట్లో గీకితే వెలుగుతుందని 1620లో అచ్చయిన తన గ్రంథంలో ఫ్రాన్సిస్ బేకన్ రాశాడు. 1675లో పికార్డ్ అనే ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు పాదరసం నింపిన గాజుగొట్టాన్ని రాత్రివేళ మోసుకుపోతూ ఉండగా, పాదరసం కదిలినప్పుడల్లా గొట్టం పైభాగం మెరవడం గమనించాడు. పారదర్శకమైన అంటుటేపును 3ఎం కంపెనీలో పనిచేసిన రిచర్డ్ డ్రూ 1930లో రూపొందించగా, ఆ దశకం దాటకుండానే, 1939లో, మిణుగురులూ మొదలైన వెలిగే జీవులను జీవితమంతా పరిశీలించిన ప్రిన్స్‌టన్ ఆచార్యుడు న్యూటన్ హార్వీ, టేపు వెలుగును గురించి సైన్స్ పత్రికలో రాశాడు. 1953లో సోవియట్ శాస్త్రజ్ఞులు టేపు ఊడబెరికినప్పుడు మహావేగంతో ఎలక్ట్రానులు వెలువడతాయని ప్రకటించారు. అంటే, మా కుర్రవాడు చెంపదెబ్బ తినేనాటికి ఈ సంగతి అచ్చులోకెక్కి నలభై ఏళ్ళయింది!

కారణం ఇది. జిగురు, అది అంటుకున్న వస్తువు, ఈ రెండూ విడిపోయేటప్పుడు ఒక వైపు ధనవిద్యుత్తు, ఒక వైపు ఋణవిద్యుత్తు మిగులుతాయి. వాటి నడుమ సన్నని సందు. ఆ సందులో ఉన్న గాలిని చీల్చుకొని విద్యుత్తు ఒక వైపు నుంచి ఇంకొక వైపుకు దూకుతుంది. మేఘంలో మెరుపు ఎలాగో ఇదీ అలాగే, అతి చిన్న కొలతలో. గాలిలో ఎక్కువ భాగం నైట్రోజను గనుక, దెబ్బ తిన్న నైట్రోజను విడిచే వెలుగే మనకు కనిపించే ఆ నీలం. టేపు జారుతూ, ఆగుతూ, మళ్ళీ జారుతూ ఊడుతుంది. బర్రుమనే చప్పుడు కూడా అందువల్లనే. ఎంత వేగంగా లాగితే అంత వెలుగు. మెల్లగా తీస్తే కనిపించకపోవచ్చు. గాలిలో ఎక్స్-కిరణాలు రావు గనుక పూతరేకుల పార్సెలు కట్టేవారు భయపడనక్కరలేదు. దీనికి వారు పెట్టిన పేరు ట్రైబోల్యూమినెసెన్స్. గ్రీకు మాటకు రాపిడి అని, లాటిను మాటకు వెలుగు అని అర్థం. పండితుణ్ణి గనుక ఊరుకోలేను, ఘర్షణదీప్తి అనుకుందాం. హిమాలయంలోని ఓషధులు రాత్రివేళ వెలుగుతాయని కాళిదాసు కుమారసంభవంలో వర్ణిస్తే దశాబ్దాలపాటు విద్యార్థులకు తన్మయత్వంతో చెప్పాను. బల్లమీద ఉన్న టేపు వెలిగిందని ఒక పేదపిల్లవాడు చెబితే నమ్మలేదనడం కూడా సరికాదు. నమ్మాను. నమ్మలేదని చెప్పాను.

ఇంతటితో అయిపోతే, విజ్ఞానశాస్త్రం అతణ్ణి నిర్దోషిని చేసింది, కథ కంచికి అని ముగించవచ్చును. అయితే అప్పటికి నా లెక్కలో తాతగారి బొమ్మను పాడుచేసినది ఆ టేపు వెలుగే. కుర్రవాడిదీ తప్పు కాదు, నాదీ తప్పు కాదు, ప్రకృతిది అని కొంత ఊరట కూడా పొందాను. ఆ ఊరట నాలుగు నెలలే నిలిచింది.

మామయ్య 2007లో కాలం చేశారు. 2009 వేసవిలో అత్తయ్య నన్ను పిలిచి, ఆయన ట్రంకుపెట్టె ఖాళీ చేసి పెట్టమంది. పాత బిల్లులు, ఖాళీ సీసాలు, నెగటివుల కట్టలు. అడుగున, వెన్నకాగితంలో చుట్టి, విడిగా ఒక ఫిల్ము ఉంది. పన్నెండు బొమ్మల రీలు, ముక్కలుగా కత్తిరించకుండా అలాగే ఉంది. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూశాను. అదే రీలు.

మొట్టమొదట టేపు అంటిన కొస చూశాను. అక్కడ ఏమీ లేదు. టేపు అంటిన చోటుకూ మొదటి బొమ్మకూ నడుమ కొంత ఖాళీ ఫిల్ము ఉంటుంది, ఆ ఖాళీ కూడా శుభ్రంగా ఉంది. ఒకటో బొమ్మ శుభ్రం. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు శుభ్రం. ఏడులో మాత్రం, సరిగ్గా నడుమ, గుండ్రని నల్లమచ్చ. ఎనిమిది నుంచి పన్నెండు వరకు మళ్ళీ శుభ్రం. భూతద్దం తెప్పించి చూశాను. ఆ మచ్చలో, గుర్తుపట్టగలిగినంత మసకగా, ఒక అంకె నీడ ఉంది. ఏడు.

ఆ కాలపు పెట్టె కెమెరాలు వాడినవారికి ఈపాటికి అర్థమై ఉంటుంది. కెమెరా వీపున, నడుమ, ఎర్రగాజు వేసిన చిన్న కిటికీ ఉంటుంది. నల్లకాగితం మీద అచ్చువేసిన అంకె అందులోంచి చూసి, ఎన్నో బొమ్మ దగ్గర ఉన్నామో తెలుసుకోవాలి. చూడగానే కిటికీ మీద రేకుమూత జరపాలి. ఎరుపు వెలుతురును కూడా గ్రహించే ఫిల్ము వచ్చాక ఆ మూత మరీ ముఖ్యం. మూత తీసి ఉంచి, కెమెరా వీపును ఎండకు పెట్టి వదిలేస్తే, ఎర్రగాజులోంచి దూరిన వెలుతురు కాగితాన్ని కూడా దాటి, సరిగ్గా ఆ అంకె చోట ఫిల్మును మాడ్చేస్తుంది.

ఆ ఉదయం నేను తాతగారి కథలు వింటూ కూర్చున్న గంటసేపు, కెమెరా పిట్టగోడ మీద ఉంది. దాని కన్ను గోదావరి వైపు, దాని వీపు వైశాఖపు ఎండ వైపు. మూత జరిపిన జ్ఞాపకం నాకు లేదు.

చేతిలో ఫిల్ముతో ఆ కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తాతగారి ముఖాన్ని చెరిపింది కుర్రవాడు కాదు, టేపు కాదు, నేను. ఆ వెంటనే ఇంకొక ఆలోచన వచ్చింది, అది మరింత బరువైనది. నేను ఒక్క నిమిషంలో చదివిన ఈ మచ్చను, ముప్పై ఏళ్ళు ఫొటోలు తీసి అన్నం తిన్న మామయ్య చదవలేకపోయారా? ఆ రాత్రి కోపంలో, తడి ఫిల్ములో, ఆ అంకె కనిపించి ఉండకపోవచ్చు. అయితే మరునాడు ఆరిన తరువాత, కాగితం మీద అచ్చు వేసేటప్పుడు? చూసి ఉంటారు. లేకపోతే ఈ ఒక్క రీలును విడిగా, కత్తిరించకుండా, అడుగున ఎందుకు దాచారు? ఆ కుర్రవాడి తరువాత ఆయన చీకటిగదిలోకి మరొకరిని పనికి పెట్టుకోలేదు. నన్ను కూడా రానివ్వలేదు. "నీ చదువు నువ్వు చదువుకో" అనేవారు. నా మీద ప్రేమ కొద్దీ అంటున్నారనుకున్నాను. బహుశా ప్రేమే కావచ్చు. చెల్లెలి కొడుకును కాపాడుకున్నారు. దాని ఖరీదు ఇంకొకరి కొడుకు చెల్లించాడు. అడిగి తెలుసుకోవడానికి ఆయన లేరు.

ఆ కుర్రవాడి కోసం విచారించాను. యానాంలో జెరాక్సు కొట్టు పెట్టుకున్నాడని తెలిసింది. 2010 సంక్రాంతి సెలవులలో వెళ్ళాను. జుట్టు నెరిసింది గాని, కాగితాలు సర్దే చేతులు చూసి గుర్తుపట్టాను. అతడు కూడా నన్ను గుర్తుపట్టాడు.

"ఆయ్, పంతులుగారండి! రండి, కూర్చోండి" అని స్టూలు జరిపి, టీ తెప్పించాడు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆ రాత్రి నీలిమెరుపు నేను కూడా చూశాను. చూడలేదని అబద్ధం ఆడాను."

"తెలుసండి" అన్నాడు. "చీకట్లో మీరు 'ఆఁ' అన్నారు గదండీ. విన్నానండి."

"మరి ఆ మాట మా మామయ్యతో ఎందుకు చెప్పలేదు?"

"ఆయన మిమ్మల్ని అడిగారండి. మీరు చెప్పేశారు. ఇంక నన్నెవరు అడిగారండీ?"

ఎర్రకిటికీ సంగతి కూడా చెప్పాను. సంచిలోంచి ఫిల్ము తీసి ఇచ్చాను. అంచులు పట్టుకొని, వేలు తగలకుండా, ముప్పై ఏళ్ళ కిందటి లాగే వెలుతురుకు ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మరైతే తాతగారి ఫొటో ఇంక లేనట్టేనాండీ?" అన్నాడు చివరికి.

"లేనట్టే."

"పాపం" అన్నాడు.

అతడు ఎవరిని గురించి అన్నాడో నేను అడగలేదు. తరువాత ఫొటోల పని ఎక్కడైనా చేశావా అని అడిగాను. "లేదండి. రాజమండ్రిలో ఒకచోట అడిగితే, మీ మామయ్యగారి దగ్గర ఎందుకు మానేశావన్నారండి. ఏం చెప్పమంటారు? టేపు మెరిసిందని చెప్పమంటారా?" అని నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. లేవబోతుండగా, "అప్పుడే చెప్పుంటే బాగుండేదండి" అన్నాడు, వాన ముందే పడుంటే బాగుండేదన్నట్టుగా, మామూలుగా.

తర్కసంగ్రహంలో శబ్దప్రమాణం దగ్గర ఆప్తుడు అనే మాట వస్తుంది. ఎవరి మాట నమ్మదగినదో అతడు ఆప్తుడు. ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడని అన్నంభట్టు నిర్వచనం. చదువుకున్నవాడని గాని, యజమాని మేనల్లుడని గాని అందులో లేదు. దానిని ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు ఉదాహరణలతో విప్పి చెప్పాను. ఆ చీకటిగదిలో ఉన్న ఇద్దరిలో ఆప్తుడు ఎవరో చెప్పమని ఎవరైనా నన్ను అడిగి ఉంటే, ఆ పాఠం నాకు ఎంత వచ్చునో తేలిపోయేది.

ఆ తరువాత ఏటేటా తాతగారి తద్దినం నాడు ఇంట్లో అందరికీ ఈ సంగతి చెబుతూ వచ్చాను. మా అమ్మాయికి తెలుసు. అయినా మొన్న రాత్రి అలవాటు కొద్దీ పిల్లవాణ్ణి కసిరింది. నా మాట వినగానే నాలుక కరుచుకొని, "మళ్ళీ లాగరా, చూస్తాను" అంది. దీపం ఆర్పి అందరం చీకట్లో కూర్చున్నాం.

మీరు కూడా చూడవచ్చు. వెన్నెల లేని రాత్రి, గది తలుపులు మూసి, పదిహేను ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చోండి. ఆ ఓపిక లేకపోతే ఏమీ కనబడదు. కళ్ళు అలవాటు పడ్డాక టేపు చుట్టను ఒక్క ఊపులో లాగండి, విడిపోయే గీతను చూడండి. టేపు లేకపోతే పటికబెల్లం ముక్కను అడకత్తెరలో పెట్టి నొక్కండి. బేకన్ చూసిన వెలుగు అదే. పటికబెల్లానికి వెలుగు మరీ సన్నం, రెండు మూడుసార్లు ప్రయత్నించాలి. పక్కన పిల్లలుంటే వాళ్ళకు ముందు కనిపిస్తుంది. వాళ్ళ కళ్ళు మనవాటికంటె చురుకైనవి.

మనవడు టేపు లాగాడు. నీలం మెరిసింది. "చూశావా అమ్మా?" అన్నాడు. "చూశాను" అంది మా అమ్మాయి.

నాయనమ్మ దాచుకున్న బొమ్మ ఇప్పుడు మా ముందుగదిలో, పటం కట్టించి, గోడకు ఉంది. వచ్చినవాళ్ళు ఆ తెల్లని మచ్చ ఏమిటని అడుగుతారు. ఎండ అని చెబుతాను. ఎవరి పొరపాటు అని అడిగితే, అదీ చెబుతాను.

స్వస్తి.